గొలుసు పట్టే కొలువు

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో మొయినాబాద్ దాటితే కనకమామిడి. దారి పొడవునా మర్రిచెట్లు, వాటి వెనక పొలాలు, ఫాంహౌస్‌లు. ఇక ఆ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. చిలుకూరులో వీసాల బాలాజీ సరేసరి! అమెరికా ప్రయాణానికి కావలసిన చదువూ, మొక్కూ రెండూ ఒక్క బస్సు దూరంలోనే ఉన్నాయన్నమాట.

ఇక్కడి ఇళ్లలో ఉద్యోగమంటే ఒకటే అర్థం... సాఫ్ట్‌వేర్. తప్పు పట్టడానికేం లేదు. 2013-14లో తెలంగాణ ఐటీ ఉద్యోగులు 3.23 లక్షలైతే, 2022-23 నాటికి 9 లక్షలు దాటారు. ఆ ఒక్క ఏడాదే 1.27 లక్షల కొత్త కొలువులు. మరుసటి ఏడాది ఎగుమతులు ఇంకో 11 శాతం పెరిగాయి. కొత్త ఉద్యోగాలు మాత్రం 40 వేల పైచిలుకు దగ్గరే ఆగిపోయాయి. వ్యాపారం పెరిగినంతా కొలువులూ పెరుగుతాయని ఎకరమో అరెకరమో అమ్మి ఫీజు కట్టిన తండ్రి చూసుకోవాల్సిన అంకె ఇది.

తమాషా ఏమిటంటే, ‘వృత్తి, శాస్త్ర, సాంకేతిక సేవలు’ అని ప్రభుత్వం పేరు పెట్టిన తరగతిలో సాఫ్ట్‌వేర్ లేనే లేదు! జాతీయ పారిశ్రామిక వర్గీకరణలో దాని గది వేరు. ఈ గదిలో ఉండేది లాయరు, ఆడిటరు, ఆర్కిటెక్టు, సర్వేయరు, పశువుల డాక్టరు. రాష్ట్ర ఆదాయం లెక్కకొచ్చేసరికి మాత్రం స్థిరాస్తి వ్యాపారం, ఇళ్ల అద్దెలు, కంప్యూటర్ సేవలు, ఈ వృత్తులు... అన్నీ కలిపి ఒకే మూట కట్టేస్తారు. మూట పెద్దదే, రాష్ట్ర ఆదాయంలో నాలుగో వంతుకు దగ్గర. అందులో సర్వేయరు వాటా ఎంతో పైకి కనిపించదు. కనిపించని కొలువుకు పిల్లల్ని ఎవరు చదివిస్తారు?

కానీ కనకమామిడి లాంటి ఊళ్లో ఇప్పుడు అందరికీ అవసరమైన మనిషి ఆ సర్వేయరే.

తెలంగాణ భూములకు సమగ్రంగా సర్వే జరిగింది నిజాం కాలంలో. తర్వాత ఎన్ని పంపకాలు, ఎన్ని అమ్మకాలు! ఒక సర్వే నంబరు పది ముక్కలైంది, పటం మాత్రం అలాగే ఉంది. కాగితం మీద ఎకరం. గెట్టు మీద కొలిస్తే ముప్ఫై ఎనిమిది గుంటలు. ఒకప్పుడు ఆ రెండు గుంటల్ని అన్నదమ్ములు చూసీ చూడనట్టు వదిలేసేవారు. రాజధాని శివారు ధరలు వచ్చాక ఎవరు వదులుతారు? దానికి తోడు జంట జలాశయాల కోసం 1996లో 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసిన 111 జీవో ఆంక్షలను 2022లో సడలించారు. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు ఆ జాబితాలోవే. ఆశ పెరిగిన చోట గెట్టు పంచాయితీ పెరగకుండా ఉంటుందా?

భూభారతి చట్టం 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. భూమి చేతులు మారేటప్పుడు సర్వే పటం ఉండాలన్నది అందులో ముఖ్యమైన ఆలోచన. ఇన్ని కమతాలు కొలవడానికి సర్కారు సర్వేయర్లు ఏ మూలకు? అందుకే ఆ ఏడాదే లైసెన్సుడు సర్వేయర్ల శిక్షణ మొదలుపెట్టారు. ఇంటర్‌లో లెక్కలు చదివి మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్లు, సివిల్ డిప్లొమా, బీటెక్ వాళ్లు అర్హులు. అక్టోబరులో మూడు వేలకు పైగా మందికి తొలి విడత లైసెన్సులు అందాయి.

అటు కౌన్సెలింగ్ చూడండి. ఇంజినీరింగ్ సీట్లలో మూడింట రెండొంతులు కంప్యూటర్ సైన్సూ, దాని పిల్ల కోర్సులే. సివిల్ తీసుకుంటానన్న కుర్రాడి వంక బంధువులు అయ్యో పాపం అన్నట్టు చూస్తారు! ఈ మర్రిచెట్ల రోడ్డు విస్తరణే తీసుకుంటే, గునపం దిగకముందే కొలతలు, చెట్ల లెక్కింపు, పర్యావరణ అధ్యయనం... ఎంత పని! హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లిన ఆ గొడవలో చెట్లు ఎన్ని, ఏవి ఎక్కడున్నాయన్న లెక్కే కీలకమైంది. అదంతా ఈ గదిలోని వాళ్ల చేతి పనే.

అయితే దీన్ని సర్కారీ నౌకరీ అనుకుంటే పొరపాటు. లైసెన్సుంది, జీతం లేదు. కొలిచిన పనికే ఫీజు. అమ్మకాలు మందగిస్తే పనీ మందగిస్తుంది. గొలుసు లాగే రోజులూ పోయాయి. ఇప్పుడు ఉపగ్రహాల ఆధారంతో కొలిచే రోవర్ కావాలి. దాని ధర మామూలు ఇంటికి అందేది కాదు. లైసెన్సు ఒకరిది, యంత్రం ఇంకొకరిది అయితే ఫీజులో పెద్ద ముక్క యంత్రం వాడికే పోతుంది. కాబట్టి దరఖాస్తు నింపేముందు పరికరం ఎవరిస్తారు, ఒక్కో కొలతకు చేతికెంత మిగులుతుంది, మండలంలో నెలకు ఎన్ని దరఖాస్తులు వస్తున్నాయి అన్న మూడు సంగతులూ సర్వే ఆఫీసులో అడగండి. ఇప్పటికే లైసెన్సు తీసుకున్న కుర్రాడెవరైనా దొరికితే మరీ మంచిది.