ఎవరు చూస్తారట?

మా చిన్నమ్మాయి ఎనిమిదో తరగతి. వేసవి సెలవుల్లో బాస్కెట్ బాల్ నేర్చుకుంటానంది. మా మరిది పేపరు లోంచి తలెత్తకుండానే తీర్పు చెప్పేశాడు: "ఆడపిల్లల ఆట ఎవరు చూస్తారు వదినా? దానివల్ల ఒరిగేదేముంది?" మా వారు ఎప్పటిలాగే ఎటూ తేల్చకుండా ఇడ్లీ చట్నీలో మునిగిపోయారు.

ఈ రెండు ప్రశ్నలూ మగపిల్లల్ని ఎవరైనా అడగ్గా విన్నారా? సందులో వికెట్లు పాతి మన కిటికీ అద్దాలు పగలగొట్టే కుర్రాణ్ణి "ఎవరు చూస్తార్రా? మెడల్ తెస్తావా?" అని ఏ తండ్రీ నిలదీయడు. వాడు ఆడుకుంటాడు, అంతే! ఆడపిల్ల మాత్రం బంతి ముట్టుకోవాలంటే ముందుగా పి.వి. సింధునవుతానని హామీపత్రం రాసివ్వాలి.

సరే, మా మరిది ప్రశ్నకే జవాబు చెబుతాను. అమెరికాలో అయోవా అని మొక్కజొన్న పొలాల రాష్ట్రం ఒకటుంది. అక్కడి యూనివర్సిటీ అమ్మాయిల జట్టు 2023-24లో ఆడిన ఆట సంగతి వినండి. సీజను మొదలు కాకముందే, అక్టోబరులో, ఫుట్‌బాల్ స్టేడియంలో ఆరుబయట ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెడితే వచ్చినవాళ్లు 55,646 మంది. ఆ జట్టులోని కెయిట్లిన్ క్లార్క్ 2024 మార్చిలో 3,667 పాయింట్ల రికార్డును దాటేసింది. 1970 నుంచీ అది పీట్ మారవిచ్ అనే మగ ఆటగాడిది. ఏప్రిల్ 7న ఫైనల్ జరిగితే టీవీల్లో చూసినవాళ్లు కోటీ 87 లక్షలకు పైగానే. మర్నాటి మగపిల్లల ఫైనల్‌కు కోటీ 48 లక్షలు. ఎవరు చూస్తారట?

మరి అంతకుముందు ఎందుకు చూడలేదంటారా? సరిగ్గా చూపిస్తే కదమ్మా చూడ్డానికి! 2021లో ఇవే జాతీయ పోటీలకు వచ్చిన మగజట్లకు వ్యాయామం కోసం హాలునిండా సామాను పెట్టారు. ఆడజట్లకు ఒక్క స్టాండు డంబెల్స్! ఒక క్రీడాకారిణి వీడియో తీసి లోకానికి చూపిస్తేగానీ నిర్వాహకులకు చలనం రాలేదు. 'మార్చ్ మ్యాడ్‌నెస్' అన్న పేరును కూడా 2022 దాకా ఆడపిల్లల పోటీలకు ఇవ్వలేదు. కోడల్ని పొయ్యి దగ్గరకు రానివ్వకుండా, పదిమందిలో వంట రాదని దెప్పడమంటే ఇదే.

నిజానికి అయోవాలో హైస్కూలు అమ్మాయిల ఆటకు ఊళ్లకు ఊళ్లే కదిలి వచ్చిన రోజులు ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే ఆ ఆటలోనూ గీత గీశారు. జట్టుకు ఆరుగురు; ముగ్గురు కోర్టులో ఈ సగం దాటకూడదు, ముగ్గురు ఆ సగం దాటకూడదు. బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. ఆడపిల్లలు సుకుమారులట, అలిసిపోతారట! 1993 దాకా ఆ గీత చెరగలేదు. బిందెలతో నీళ్లు మోసేటప్పుడు ఈ సుకుమారం ఎవరికీ గుర్తు రాదేం?

మనకు మాత్రం గీతలు కొత్తా? మా స్కూల్లో గ్రౌండంతా మగపిల్లలదే. మాకు ఓ మూల టెన్నికాయిట్ రింగు ఇచ్చారు. పదో తరగతిలో "పెద్దదానివయ్యావు, ఇక గెంతులు చాలు" అని మా బామ్మ అదీ మాన్పించింది. నేను బాగా ఆడేదాన్నో లేదో నాకిప్పటికీ తెలీదు. తెలుసుకునే అవకాశమే రాలేదు.

ఇంతా చేసి ఆ ఫైనల్లో అయోవా 87-75తో ఓడిపోయింది. గెలిచిన సౌత్ కరొలైనా వాళ్లూ ఆడపిల్లలేననుకోండి. ఆ సీజన్లో 38 ఆటలాడి ఒక్కటీ ఓడలేదు. కానీ ఓడినంత మాత్రాన అయోవా అమ్మాయిల ఆట వృథా అనగలరా ఎవరైనా? మన ఇళ్లల్లో ఆడపిల్లకు లేనిది సరిగ్గా ఈ హక్కే — ఆడి, ఓడి, మర్నాడు మళ్లీ ఆడే హక్కు. గెలిస్తేనే పంపుతామంటే అది ఆటెందుకవుతుంది? పెళ్లిచూపులవుతుంది!

మర్నాడే ఫీజు కట్టేశాను. సాయంత్రం వెళ్లి గ్రౌండు గట్టుమీద కూర్చున్నాను. మా పిల్ల వేసిన బంతుల్లో ఒక్కటీ బుట్టలో పడలేదు. చెమటలు కక్కుతూ, నవ్వుతూ మళ్లీ మళ్లీ వేసింది.

ఎవరు చూస్తారన్నావు గదా నాయనా! నేను చూశాను. రేపు మీ అమ్మాయిల్ని తీసుకుని మీరూ రండమ్మా, గట్టుమీద బోలెడంత చోటుంది.