ఊరికి వెళ్ళేటప్పుడు కుక్కను ఎవరికి అప్పగించాలి?



ఈ శీర్షికలో పిల్లల పెంపకాన్ని గూర్చి, వృద్ధులైన తల్లిదండ్రులను గూర్చి, ఇంటి ఖర్చులను గూర్చి వ్రాస్తూ వచ్చాము. ఈ నెల మన గుమ్మం దగ్గర పడుకొనే జీవిని గూర్చి వ్రాయదలచాము. సంఘ పత్రికలో కుక్క సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అయితే మన పల్నాటి పల్లెల్లో రాత్రివేళ గొర్రెల దొడ్డిని, కల్లంలో ఆరబోసిన మిరపకాయలను, నిద్రపోతున్న మన పిల్లలను కాచేది అదే గదా! ఇంటిల్లిపాదీ ఊరికి బయలుదేరే రోజున ఆ జీవిని మనం ఏమి చేస్తున్నామో ఒక్కసారి ఆలోచిద్దాం.

క్రిస్మసుకు పుట్టింటికి వెళతాం. గుంటూరులోనో హైదరాబాదులోనో జరిగే కూటములకు వెళతాం. కూతురి కాన్పుకు వెళతాం. జబ్బు చేస్తే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి వెళ్ళి పదిహేను రోజులు అక్కడే ఉండిపోతాం. పాలిచ్చే గేదెను ఎవరికి అప్పగించాలో వారం ముందే మాట్లాడుకుంటాం. కుక్క దగ్గరకు వచ్చేసరికి, "ఊళ్ళో ఏదో తిని బ్రతుకుతుందిలే" అనుకొని బస్సెక్కుతాం.

అలా వదిలిన కుక్క సంగతి చూడండి. కట్టేసి వెళితే, పొద్దున పెట్టిన నీళ్ళగిన్నె మధ్యాహ్నానికి బోర్లాపడుతుంది. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో నీడ జరిగిపోయిన చోట గొలుసుకు కట్టిన కుక్క ఒక్క పూటలోనే వడదెబ్బకు చనిపోవచ్చు. విప్పి వెళితే, ఆకలికి రోడ్డెక్కుతుంది. లారీ క్రింద పడుతుంది, లేక వీధికుక్కలతో కరిపించుకొని ఇంటికి వస్తుంది. టీకా లేని కుక్క అలా కాటు తిని వస్తే, తరువాత ఆపద మన పిల్లలకే.

వాక్యం ఏమి చెబుతున్నది?

సమూయేలు మొదటి గ్రంథం 17వ అధ్యాయంలో యెష్షయి తన చిన్న కుమారుని పిలిచి, యుద్ధభూమిలో ఉన్న అన్నలకు వేయించిన ధాన్యమును, రొట్టెలను తీసుకొని వెళ్ళమన్నాడు. దావీదు తెల్లవారుజామున లేచాడు. బయలుదేరక ముందు అతడు చేసిన పని ఒకటి అక్కడ వ్రాయబడి ఉంది. గొర్రెలను ఒక కాపరికి అప్పగించాడు. తరువాత పెద్దన్న ఏలీయాబు కోపంతో, అడవిలో ఉన్న ఆ కొద్ది గొర్రెలను ఎవరికి విడిచి వచ్చావని అడిగాడు. అడిగిన తీరు మంచిది కాకపోయినా, అది మంచి ప్రశ్నే. దావీదు దగ్గర దానికి జవాబు ఉంది. మన దగ్గర ఉన్నదా?

నిర్గమకాండము 22వ అధ్యాయం 10 నుండి 13 వరకు గల వచనాలలో ఇదే విషయమై ఒక చట్టమే ఉన్నది. గాడిదనో ఎద్దునో గొర్రెనో మరి ఏ జంతువునో పొరుగువానికి కాపాడమని అప్పగిస్తే ఇద్దరి బాధ్యత ఏమిటో అక్కడ చెప్పబడింది. అప్పగింత అనేది దేవుని యెదుట జరిగే పని అని దీనివలన తెలుస్తున్నది. సామెతలు 12:10 కూడా నీతిమంతుని గుర్తులలో ఒకటిగా తన పశువు ప్రాణం పట్ల అతనికున్న శ్రద్ధను చెబుతున్నది.

పొరుగువారికి అప్పగించడం

పల్లెల్లో పెరిగిన కుక్కకు అన్నిటికంటే మేలైనది, దాని ఇంటి దగ్గరే దానిని ఉంచి, తెలిసిన మనిషి వచ్చి రెండు పూటలా అన్నం నీళ్ళు పెట్టడం. అది తన వాకిలిని కాచుకుంటూ ఉంటుంది. క్రొత్త చోట కడితే త్రాడు కొరికి, వెతుక్కుంటూ వెనక్కు బయలుదేరే కుక్కలు చాలా ఉంటాయి.

అప్పగించే మనిషి కుక్కకు ముందునుంచీ అలవాటైన పెద్దవారై ఉండాలి. పదేళ్ళ పిల్లవానికి అప్పగించవద్దు. యజమాని కనబడక బెంగపడిన కుక్క, ఎప్పుడూ కరవనిది కూడా, తిండి దగ్గర కరవవచ్చు. వెళ్ళక ముందే రెండు మూడు రోజులు ఆ మనిషి చేతనే అన్నం పెట్టించండి. ఏమి తింటుందో, ఎవరిని చూస్తే మీదికి వెళుతుందో, ఏ శబ్దానికి బెదురుతుందో దాచకుండా చెప్పండి. మన కూరలు కారం. మిగిలిన సాంబారు, ఉల్లిపాయలు పడిన కూరలు కుక్కకు పెట్టకూడదు. ఉల్లి దాని రక్తాన్ని చెరుపుతుంది. ఉడికిన కోడి ఎముకలు విరిగి గొంతులోనో పేగులోనో గ్రుచ్చుకుంటాయి. పెరుగన్నం, ఉప్పుకారం లేని పప్పన్నం, ఉడికించిన గ్రుడ్డు చాలును.

నీళ్ళు బోర్లాపడని బరువైన కుండలో, రోజంతా నీడ ఉండే చోట పెట్టించండి. అన్నానికీ నూకలకూ ముందే డబ్బు ఇచ్చి వెళ్ళండి. మిరపకోతల రోజుల్లో కూలి మానుకొని మన ఇంటికి వచ్చి చూసే మనిషికి ఎంతో కొంత ముట్టజెప్పడం అవమానం కాదు, న్యాయం. ఊరికే చేయించుకున్న పని రెండవ వారంలో సడలిపోతుంది.

డబ్బు తీసుకొని ఉంచుకొనే చోట్లు

నరసరావుపేట 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైంది. ఉద్యోగాల మీద వచ్చినవారిలో లాబ్రడార్, పొమేరియన్ వంటి జాతి కుక్కలను పెంచేవారు కూడా ఉన్నారు. ఇంటిలోపల పెరిగే ఈ కుక్కలను చూడడానికి పొరుగువారు దొరకనప్పుడు, విజయవాడ, హైదరాబాదు వంటి నగరాల్లో కుక్కలను రోజు లెక్కన ఉంచుకొనే చోట్లకు తీసుకొని వెళుతుంటారు. వీటిని కెన్నెల్ అనీ, డాగ్ బోర్డింగ్ అనీ అంటారు. పట్టణాల్లో ఉన్న మన బిడ్డలు చాలామందికి దీని అవసరం కలుగుతున్నది కనుక, కొన్ని సంగతులు తెలియజేస్తున్నాము.

ఫోనులో మాట్లాడి నిర్ణయించవద్దు. ముందుగా ఒకసారి వెళ్ళి కుక్కలు ఉండే గదులను కళ్ళారా చూడండి. లోపలికి రానివ్వనంటే తిరిగి వచ్చేయండి. దుర్వాసన వస్తున్నదా? ఒక్కొక్క కుక్కకు వేరు గది ఉన్నదా? ఎండాకాలం గాలి ఆడుతున్నదా? కరెంటు పోతే ఏమి చేస్తారు? రాత్రిళ్ళు మనిషి అక్కడే పడుకుంటాడా, తాళం వేసి వెళతాడా? జబ్బు చేస్తే ఏ డాక్టరుకు చూపిస్తారు? ఈ ప్రశ్నలన్నీ అడగండి. పొట్టి ముక్కు గల పగ్ వంటి కుక్కలు, వెంట్రుకలు గుబురుగా ఉన్నవి వేడికి తాళలేవు గనుక వాటి యజమానులు ఇంకా జాగ్రత్తగా చూడాలి.

వారు కూడా మనల్ని ఒక ప్రశ్న అడగాలి. టీకాల కార్డు చూపించమనాలి. కార్డు అడగనివారు ప్రక్క గదిలోని కుక్కను కూడా అడిగి ఉండరు. అటువంటి చోట కుక్కను వదలకండి.

రోజుకు ఎంత, తిండి అందులో కలిసి ఉన్నదా, మందుల ఖర్చు ఎవరిది, రావడం ఆలస్యమైతే ఎంత అన్నది కాగితం మీద వ్రాయించుకోండి. సంతకం పెట్టమన్న కాగితాన్ని పూర్తిగా చదవండి. మీ ఫోను అందకపోతే మాట్లాడవలసిన మరొకరి నంబరు కూడా ఇవ్వండి. పది రోజులు వదిలే ముందు ఒక్క రాత్రి ఉంచి చూడడం చాలా మంచిది.

ముందుగా వేయించవలసినవి

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పినట్లు మళ్ళీ మళ్ళీ వేయిస్తూ ఉండాలి. రక్తవిరేచనాలు తెచ్చే పార్వో, డిస్టెంపర్ అనే జబ్బులకు వేరే టీకా ఉన్నది. చాలా కుక్కలు ఒక్కచోట ఉన్నప్పుడు వ్యాపించే కెన్నెల్ దగ్గుకు కూడా టీకా ఉన్నది. టీకా వేసిన రోజే బలం రాదు. కనుక ప్రయాణానికి కనీసం రెండు మూడు వారాల ముందే వేయించండి. టీకాలు పూర్తికాని పిల్లకుక్కను అటువంటి చోట వదలనే కూడదు. నులిపురుగుల మందు, గోమార్లకు మందు కూడా అప్పుడే వేయించండి.

ఖర్చుకు వెనుకాడేవారు ఒక సంగతి గమనించాలి. ఏటా జూలై 6న, జంతువుల నుండి మనుష్యులకు సోకే వ్యాధుల దినాన, మన రాష్ట్ర పశుసంవర్ధక శాఖవారు పశువుల ఆసుపత్రులలో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్, కుక్క కరచిన తొమ్మిదేళ్ళ బాలునికి మొదటిసారి ఈ టీకా ఇప్పించాడు. ఆ బాలుడు బ్రతికాడు.

ఒకవేళ కుక్క దానిని చూచుకొనే మనిషిని కరిస్తే, పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ క్రింద పదిహేను నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. డాక్టరు చెప్పిన సూదులన్నీ తేదీ తప్పకుండా వేయించాలి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు లేదు.

వదిలిన తరువాత, తెచ్చుకున్న తరువాత

మొదటి రోజు, రెండవ రోజు కుక్క సరిగా తినదు. తలుపు వైపే చూస్తూ పడుకుంటుంది, లేక ఆగకుండా మొరుగుతుంది. ఇది బెంగ, జబ్బు కాదు. మీ ఒంటి వాసన ఉన్న పాత చీరో దుప్పటో దాని దగ్గర ఉంచితే కొంత నెమ్మదిస్తుంది. తినే తిండి కూడా ఇంటినుంచే ఇస్తే కడుపు చెడదు. మూడవ రోజుకు కూడా తినకపోతే, లేదా వాంతులు, రక్తవిరేచనాలు మొదలైతే ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరుకు చూపించాలి. ఈ మాట ముందే చెప్పి వెళ్ళండి.

తిరిగి వచ్చినప్పుడు కొంచెం చిక్కి ఉండవచ్చు. మొరిగి మొరిగి గొంతు బొంగురుపోయి ఉండవచ్చు. ఇంటికి రాగానే గుటగుటా నీళ్ళు త్రాగుతుంది, కొంచెం కొంచెంగా పెట్టండి. అన్నం కొంత సేపాగి పెట్టండి. ఒకటి రెండు రోజులు నిద్రపోతుంది, కంగారుపడవద్దు. చెవుల్లో, కాలివేళ్ళ మధ్య గోమార్లు ఉన్నాయేమో చూడండి. దగ్గు, జ్వరం, విరేచనాలు కనబడితే మాత్రం ఆలస్యం చేయవద్దు.

ఏదైనా జరిగితే?

ఎంత జాగ్రత్త తీసుకున్నా, అప్పగించిన జీవి చనిపోవచ్చు, తప్పిపోవచ్చు. ఇక్కడే రెండు కుటుంబాల మధ్య గొడవలు పుడతాయి. ఒకే సంఘంలో ఉండి, ఒకే బల్లలో పాలుపొందే రెండు ఇండ్లవారు పలకరించుకోవడం మానేస్తారు. నిర్గమకాండములోని ఆ వచనాలు దీనికి కూడా దారి చూపుతున్నాయి. కాచేవాని దగ్గర నుండి దొంగిలించబడితే అతడు నష్టం ఇచ్చుకోవాలి. క్రూరమృగం చీల్చితే సాక్ష్యం చూపించాలి, నష్టం ఇవ్వనక్కరలేదు. ఎవరూ చూడకుండా చనిపోతే, తాను దానిమీద చెయ్యి వేయలేదని దేవుని యెదుట ప్రమాణం చేస్తే, సొంతదారుడు దానిని అంగీకరించాలి. చూచుకొనేవాడు నిజం చెప్పాలి, అప్పగించినవాడు ఆ నిజాన్ని నమ్మాలి. కుక్క పోయిన నష్టం కంటే పొరుగువాడు పోయిన నష్టం పెద్దది.

ఇక దేశ చట్టం కూడా ఉన్నది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం, యజమాని తన జంతువుకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, ఆకలిదప్పులకు బాధపడేలా కారణం లేకుండా విడిచిపెట్టడం, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టివేయడం నేరములు. చట్టానికి భయపడి కాక, మనస్సాక్షిని బట్టి మనం ముందుండాలి.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. మనం కుక్కను ఎలా వదిలి వెళుతున్నామో పిల్లలు చూస్తుంటారు. పనికి వచ్చినంత కాలం ఉంచుకొని, అడ్డమైన రోజున వదిలేయవచ్చునని వారు నేర్చుకుంటే, ఆ పాఠం కుక్కతోనే ఆగదు. మనం ముసలివారమైన రోజున వారికి అది గుర్తుకు రావచ్చు. ఈసారి ప్రయాణానికి ముందు రాత్రి కుటుంబ ప్రార్థనలో, ప్రయాణం కొరకు ప్రార్థించేటప్పుడే, మన ఇంటిని, ఇంటి జీవిని చూచుకొనే ఆ పొరుగువారిని పేరు పెట్టి ప్రార్థించండి. తిరిగి వచ్చేటప్పుడు వారి పిల్లలకు ఏదైనా తెచ్చిపెట్టడం మరచిపోవద్దు.