తప్పు పత్తిది కాదు

వచ్చే సంవత్సరం నుంచి మన విద్యార్థి సంఘం వార్షికోత్సవ చొక్కాలకు పాలియెస్టరు గుడ్డనే కొనాలని కొందరు మిత్రులు గట్టిగా వాదిస్తున్నారు. వారు చూపే కారణం ఒక్కటే. పోయిన ఏడు నూలు చొక్కాల మీద వేయించిన కళాశాల చిహ్నం రెండు ఉతుకులకే వెలిసిపోయింది. "కాటన్ మీద రంగు నిలవదురా" అన్న మాట హాస్టల్లో సామెతలాగా చెలామణీ అవుతోంది. పత్తి పండించే ఇంట పుట్టి, రసాయనశాస్త్రం చదువుకుంటున్న నేను ఈ మాటకు జవాబు చెప్పకపోతే ఎట్లా?

అసలు జరిగిందేమిటి? ఆ షాపువాళ్ళు వాడింది సబ్లిమేషన్ పద్ధతి. కర్పూరం గురించి మనం చదువుకున్న ఉత్పతనమే ఇది. డిస్పర్స్ రంగులనే జాతి సిరాతో బొమ్మను కాగితం మీద కుడి ఎడమలు తిప్పి అచ్చు వేస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద బోర్లించి, సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఒక నిమిషం లోపు నొక్కి ఉంచుతారు. రంగు ఆవిరై పోగులోకి దూరుతుంది. ఆ వేడికి పాలియెస్టరు పోగు సడలి రంగుకు దారి ఇస్తుంది, చల్లారగానే తలుపు మూసుకుంటుంది. అందుకే ఆ బొమ్మ చేతికి తగలదు, ఉతికినా పోదు.

పత్తి సంగతి వేరు. అది సెల్యులోజు, నీటితో దానికి స్నేహం. డిస్పర్స్ రంగులకు నీళ్ళంటే గిట్టదు. కాబట్టి ఆ రంగు పత్తి పోగు పైపైన అంటుకుని, సబ్బు తగలగానే సెలవు తీసుకుంటుంది. నీళ్ళు నిలిచే మాగాణిలో వేరుశనగ వేసి, కాయ కుళ్ళిపోయిందని నేలను తిడితే మా ఊళ్ళో నవ్వుతారు. ఇక్కడ జరుగుతున్నదీ అదే!

మరి పత్తికి తగిన రంగు లేదా? భేషుగ్గా ఉంది. 1956లో బజారుకు వచ్చిన రియాక్టివ్ రంగులు క్షారం సమక్షంలో సెల్యులోజుతో రసాయన బంధమే కట్టుకుంటాయి. ఈ రంగు ముద్దలో తేమ నిలవడానికి కలిపేది, మా నాన్న చేనుకు చల్లే యూరియానే! అచ్చు వేశాక ఆవిరి పట్టాలి, బాగా కడగాలి. అంత శ్రమ వద్దనుకుంటే పిగ్మెంటు రంగులున్నాయి. వీటిని బైండరుతో కలిపి స్క్రీన్ మీద అచ్చు వేసి, సుమారు 150 డిగ్రీల వేడి పట్టిస్తే చాలాకాలం నిలుస్తాయి. వేడి పట్టించకుండా ఎండలో ఆరేసి ఇచ్చేస్తే మాత్రం నిలవవు.

నూలు గుడ్డకు వాడే ట్రాన్స్‌ఫర్ కాగితాలు కూడా దొరుకుతాయి. వీటిలో తెల్లగుడ్డకు వేరు, ముదురు గుడ్డకు వేరు. ఇంక్‌జెట్‌కు వేరు, లేజరుకు వేరు. నాటకానికి నాలుగు చొక్కాలు కావాలంటే ఇవి చాలు. కాని బొమ్మ ఒక పొరలాగా గుడ్డ మీద కూర్చుంటుంది, గాలి ఆడనివ్వదు, కొన్నాళ్ళకు పగుళ్ళిస్తుంది.

ఈ విద్య మనకు కొత్తదా? పెడనలో కలంకారీ అద్దేవారు గుడ్డను ముందు కరక్కాయ రసంలో, పాలలో ముంచుతారు. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నలుపు తెస్తారు, ఎరుపు కోసం పటిక అద్దుతారు. గుడ్డ తత్త్వం తెలుసుకుని దానికి తగిన రంగు పట్టించడమే వారి శాస్త్రం. మనమేమో చేతిలో ఉన్న రంగుకు తగినట్లు గుడ్డనే మార్చేద్దాం అంటున్నాం!

పాలియెస్టరుకు గుణాలు లేవనను. చవక, త్వరగా ఆరుతుంది, రంగులు మెరుస్తాయి. ఆటల జట్టుకు అదే మేలు. కాని మామూలు గాలిలో 100 గ్రాముల పత్తి సుమారు 8 గ్రాముల తేమను పట్టి ఉంచితే, పాలియెస్టరు అర గ్రామైనా పట్టదు. మన ఎండల్లో, మన చెమటల్లో రోజంతా తొడుక్కునే చొక్కాకు ఏది కావాలో వేరే చెప్పాలా? పైగా ఉతికినప్పుడల్లా పాలియెస్టరు సన్నని ప్లాస్టిక్ పోగులను నీళ్ళలోకి వదులుతుంది.

మనం కొనే చొక్కాలతో పత్తి ధర పెరుగుతుందన్న భ్రమ నాకు లేదు. కాని ఈ కాలేజీలో నాలాంటి రైతుబిడ్డలు ఎందరో ఉన్నారు. పత్తి పనికిరాదని మన చేతులతోనే తీర్మానం చేస్తే, అదీ తప్పుడు కారణం చూపి చేస్తే, మనం చదివిన సైన్సుకు అర్థమేమిటి?

సంఘానికి నా మనవి మూడు ముక్కలు. ధర అడిగే ముందు, ఏ గుడ్డకు ఏ రంగు వాడతారో షాపువాణ్ణి అడగండి. ఒక్క చొక్కా నమూనా తెప్పించి, ఐదుసార్లు ఉతికాకనే ఆర్డరు ఇవ్వండి. నూలు అని చెప్పి అమ్మే గుడ్డ నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే పత్తి, కరిగి గట్టి పూసలాగా ముద్దకడితే పాలియెస్టరు. ఈ పరీక్షకు లాబొరేటరీ అక్కర్లేదు, ఒక్క అగ్గిపుల్ల చాలు.