జీఎస్టీ తగ్గింది సరే.. సెడాన్‌లో ఏ ఇంజిన్? ఏ వేరియంట్? షోరూంకి వెళ్లే ముందు ఈ లెక్క చూడండి

కారు ధరలు తగ్గాయని టీవీలో చూశారు. ఇంట్లో చర్చ మొదలైంది. పిల్లలకు సన్‌రూఫ్ కావాలి, అమ్మకి ఏసీ వెనక్కి రావాలి, నాన్నకి మైలేజ్ కావాలి. షోరూంకి వెళ్తే సేల్స్ ఎగ్జిక్యూటివ్ చేతిలో ట్యాబ్ పెట్టి "సార్, ఇంకో లక్ష వేసుకుంటే టాప్ ఎండ్ వచ్చేస్తుంది" అంటాడు. అక్కడే చాలామంది బడ్జెట్ పట్టాలు తప్పుతుంది. మా ఇంట్లోనూ దాదాపు అదే జరిగింది. అది చివర్లో చెప్తాను. ముందు అసలు లెక్కలు చూద్దాం.

పన్నుతో మొదలుపెడదాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త జీఎస్టీ రేట్లు వచ్చాయి. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ లేదా సీఎన్‌జీ ఇంజిన్ ఉన్న కారుకి 18 శాతం. అంతకుముందు సెస్‌తో కలిపి 29 శాతం ఉండేది. ఈ రెండు షరతుల్లో ఏ ఒక్కటి దాటినా 40 శాతమే. ఆ పెద్ద కార్లకు ఇదివరకు సెస్‌తో కలిపి 45 శాతం, ఆపైన ఉండేది కాబట్టి వాటికీ తగ్గింది, కానీ చిన్న కార్లకు తగ్గినంత కాదు. డిజైర్ మీద గరిష్ఠంగా 87,700 రూపాయలు తగ్గిస్తే, వెర్నా మీద గరిష్ఠ తగ్గింపు 60,640 దగ్గరే ఆగింది. ధర ఎక్కువున్న కారుకే తగ్గింపు తక్కువ.

ఇందులో ఒక తమాషా ఉంది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ బేస్ ఇంజిన్ 999 సీసీ. అంటే డిజైర్ ఇంజిన్ కంటే కూడా చిన్నది. అయినా దానికి 40 శాతం పన్ను. ఎందుకంటే పొడవు 4561 మిల్లీమీటర్లు. డిజైర్ 3995 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది. డిజైర్, అమేజ్, ఆరా, టిగోర్ కార్ల వెనక భాగం కాస్త కుదించినట్టు కనిపించడానికి కారణం ఈ పన్ను గీతే. డిక్కీలో తేడా కూడా అక్కడే వస్తుంది. డిజైర్‌లో 382 లీటర్లు, అమేజ్‌లో 416. అదే వర్టస్‌లో 521, వెర్నాలో 528. నలుగురు కుటుంబం రెండు సూట్‌కేసులతో తిరుపతి వెళ్లాలంటే చిన్నవి సరిపోతాయి. పెళ్లి సామాను వేసుకుని వెళ్లాలంటే సరిపోవు.

డీజిల్ సంగతి అడుగుతారని తెలుసు. మన ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ "డీజిల్ కారే కారు" అంటారు. ఈ బడ్జెట్ సెడాన్లలో డీజిల్ కథ ముగిసిపోయింది. మారుతి 2020లోనే ఆపేసింది. 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద కూడా పొగ కొలిచే కఠిన నిబంధనలు వచ్చాక సిటీ, వెర్నా డీజిల్ కూడా పోయాయి. కాబట్టి ఇప్పుడు పోటీ మామూలు పెట్రోల్, టర్బో పెట్రోల్, సీఎన్‌జీ మధ్యే. సిటీలో హైబ్రిడ్ ఉంది. కాగితం మీద 27 దాటిన మైలేజ్. అయితే ధర చాలా పైన ఉంటుంది, బ్యాటరీ వెనక కూర్చోవడంతో డిక్కీ తగ్గుతుంది. రోజూ సిటీ ట్రాఫిక్‌లో చాలా దూరం తిరిగేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం అని నా అభిప్రాయం.

సీఎన్‌జీ నిజంగా మిగులుతుందా?

దీని మీదే ఎక్కువ కామెంట్లు వస్తాయి కాబట్టి లెక్క వేసే చెప్తాను. డిజైర్‌నే తీసుకుందాం. కంపెనీ మైలేజ్ పెట్రోల్ మాన్యువల్‌లో 24.79, సీఎన్‌జీలో కిలోకి 33.73. ఇవి ల్యాబ్ నంబర్లు. ఏసీ వేసుకుని, సిగ్నల్స్‌లో ఆగుతూ వెళ్లేవాళ్లు వీటిలో నాలుగో వంతు కోసేసుకుని లెక్క వేసుకోవడం మంచిది. అంటే పెట్రోల్‌లో 18, సీఎన్‌జీలో 25 అనుకుందాం. లీటరు పెట్రోల్ 108 రూపాయలు, కిలో సీఎన్‌జీ 96 రూపాయలు అని పెట్టుకుందాం. మీ ఊరి రేటు మీరు వేసుకోండి.

పెట్రోల్‌కి కిలోమీటరుకు 6 రూపాయలు. సీఎన్‌జీకి 3 రూపాయల 84 పైసలు. తేడా 2 రూపాయల 16 పైసలు. అదే వేరియంట్‌లో సీఎన్‌జీ బండికి సుమారు 90 వేలు ఎక్కువ పెట్టాలి. ఆ 90 వేలు వెనక్కి రావాలంటే దాదాపు 41,700 కిలోమీటర్లు నడపాలి. నెలకి 1000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి మూడున్నరేళ్లు పడుతుంది. నెలకి 2000 తిరిగితే 21 నెలల్లో వచ్చేస్తుంది. నెలకి 500 కూడా తిరగని రిటైర్డ్ దంపతులకి? ఏడేళ్లు. అప్పటికి బండి అమ్మేసే టైం వస్తుంది.

ఇంకో రెండు విషయాలు సేల్స్‌వాళ్లు అడిగితే తప్ప చెప్పరు. ఒకటి, పవర్. డిజైర్ పెట్రోల్‌లో 82 పీఎస్, 112 న్యూటన్ మీటర్ల టార్క్. సీఎన్‌జీ మీద నడిస్తే 70 పీఎస్, 102 న్యూటన్ మీటర్లు. ఒక్కడు ఆఫీసుకి వెళ్తే ఈ తేడా తెలియదు. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, డిక్కీ నింపి శ్రీశైలం ఘాట్ ఎక్కితే తెలుస్తుంది. సెకండ్ గేర్‌లోనే గడపాల్సి వస్తుంది. రెండు, డిక్కీలో సిలిండర్. టాటా టిగోర్‌లో రెండు చిన్న సిలిండర్లుగా విడగొట్టి కొంత చోటు మిగిల్చారు. డిజైర్‌లో ఒకే పెద్ద సిలిండర్, సామానుకి మిగిలేది అంతంతే. పైగా డిజైర్ సీఎన్‌జీలో ఆటోమేటిక్ లేదు, టిగోర్ సీఎన్‌జీలో ఉంది. బంకు దగ్గర క్యూ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

టర్బో ఎవరికి?

వర్టస్, స్లావియాల్లో 1.0 టర్బోకి 115 పీఎస్, 178 న్యూటన్ మీటర్లు. హోండా సిటీ 1.5 మామూలు పెట్రోల్‌కి 121 పీఎస్, 145 న్యూటన్ మీటర్లు. పీఎస్ దాదాపు ఒకటే అయినా టార్క్‌లో చిన్న ఇంజిన్‌దే పైచేయి. హైవే మీద లారీని దాటేటప్పుడు ఆ టార్కే పనికొస్తుంది. విజయవాడ హైవేలో వారం వారం తిరిగేవాళ్లకి టర్బో నిజంగా సుఖం. సిటీలో మాత్రం తక్కువ స్పీడులో టర్బో అందుకునే లోపు చిన్న ఆలస్యం ఉంటుంది, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కే అలవాటు ఉంటే మైలేజ్ గబుక్కున పడిపోతుంది. మెల్లగా నడిపే నాన్నలకి సిటీ లాంటి మామూలు ఇంజిన్ చాలు.

వెర్నా 1.5 టర్బో 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు. వర్టస్ 1.5 టర్బో 150 పీఎస్, 250. ఇవి సరదాకి. కుటుంబ అవసరానికి కాదు అంటే కొంతమందికి కోపం వస్తుంది, అయినా అదే నిజం.

ఇన్సూరెన్స్‌లో చిన్న లాభం ఒకటుంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ లోపు అయితే 6,521 రూపాయలు, 1000 దాటి 1500 లోపు అయితే 10,640. 999 సీసీ ఇంజిన్‌కి అక్కడ నాలుగు వేలు మిగులుతాయి. పెద్ద మొత్తం కాదు, కానీ సీట్ కవర్లకి వస్తుంది.

ఆటోమేటిక్‌లో కూడా తేడాలున్నాయి. డిజైర్‌లో ఉన్నది ఏఎంటీ. అంటే మామూలు గేర్ బాక్స్‌నే మెషిన్ మారుస్తుంది. చవక, మైలేజ్ తగ్గదు (కంపెనీ లెక్కలో 25.71, మాన్యువల్ కంటే ఎక్కువ). గేర్ మారినప్పుడల్లా తల ముందుకి ఊగుతుంది, అంతే. అమేజ్‌లో ఉన్నది సీవీటీ. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ వరకు రోజూ పాకేవాళ్లకి అది హాయి. డ్యుయల్ క్లచ్ బాక్సులు వేగంగా మారతాయి కానీ గంటల తరబడి పాకే ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. వర్టస్ 1.0లో ఉన్న టార్క్ కన్వర్టర్ ఈ విషయంలో కాస్త నిబ్బరం.

ఇక వేరియంట్..

అసలు డబ్బు పోయేది ఇక్కడే. ఇంజిన్ ఒకటే, పైన అలంకారం మారుతుంది. ఒక్కో మెట్టుకి లక్ష దాకా తేడా. రెండు లక్షలు ఎక్కువ పెట్టి టాప్ ఎండ్ తీసుకున్నారనుకోండి. 9 శాతం వడ్డీకి ఏడేళ్ల లోన్ అయితే ఆ రెండు లక్షలకే నెలకి దాదాపు 3,218 రూపాయలు కట్టాలి. ఏడేళ్లకి అది 2 లక్షల 70 వేలు. అమ్మేటప్పుడు సెకండ్ హ్యాండ్ డీలర్ సన్‌రూఫ్‌కి ఎంత ఇస్తాడో ఒకసారి అడిగి చూడండి.

10 లక్షల గీత ఇంకోటి ఉంది. మన రెండు రాష్ట్రాల్లో లైఫ్ ట్యాక్స్ శ్లాబుల్లో ఉంటుంది. 5 నుంచి 10 లక్షల కారుకి 14 శాతం. 10 దాటితే 17 శాతమే అనుకున్నా చూడండి: 9.90 లక్షల కారుకి లైఫ్ ట్యాక్స్ 1,38,600. 10.30 లక్షల వేరియంట్‌కి 1,75,100. కారు ధరలో తేడా 40 వేలే, ట్యాక్స్‌లో మరో 36,500. దీనికి తోడు 10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ కూడా షోరూంలోనే కట్టించుకుంటారు. అది ఐటీ రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది, కానీ ఆ రోజు జేబులోంచి పోయేదే. కాబట్టి మీరు చూసే వేరియంట్ 10 లక్షలకి అటూ ఇటూ ఉంటే ఎక్స్ షోరూం ధర కాదు, ఆన్ రోడ్ ధర రాయించుకోండి.

ఏం కావాలి, ఏం అక్కర్లేదు? డిజైర్, అమేజ్‌లలో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో వస్తున్నాయి. గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో డిజైర్ పెద్దవాళ్ల భద్రతకి 5 స్టార్లు, పిల్లలకి 4 తెచ్చుకుంది. అంటే భద్రత కోసమని టాప్ ఎండ్‌కి వెళ్లాల్సిన పని చాలావరకు పోయింది. డిజైర్ బేస్ ఎల్‌ఎక్స్‌ఐలో వెనక ఏసీ వెంట్లు ఉండవు. మే నెలలో వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చునే ఇంట్లో అది పెద్ద లోటు. వీఎక్స్‌ఐకి వెళ్తే ఆ సమస్య తీరుతుంది. 360 కెమెరా, సన్‌రూఫ్ జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్‌లోనే. మన ఎండల్లో సన్‌రూఫ్ ఎన్ని రోజులు తెరుస్తామో మీరే చెప్పండి. అమేజ్‌లో అయితే బేస్ ‘వీ’ నుంచే సీవీటీ ఇస్తున్నారు. ఆటోమేటిక్ కావాలి, హంగులు అక్కర్లేదు అనేవాళ్లకి అది మంచి బేరం. తనంతట తాను బ్రేక్ వేసే ఏడాస్ మాత్రం జెడ్‌ఎక్స్‌లోనే. పైన చెప్పిన వర్టస్‌లో 1.5 టర్బో కావాలంటే జీటీ ప్లస్‌కే వెళ్లాలి. ఇంజిన్ కోసం వేరియంట్ కొనాల్సి వస్తుందన్నమాట.

వెనక కెమెరా లేదనో, మ్యూజిక్ సిస్టమ్ లేదనో పై వేరియంట్‌కి వెళ్లకండి. అవి తర్వాత బయట పెట్టించుకోవచ్చు. ఎయిర్‌బ్యాగులు, వెనక ఏసీ వెంట్లు, గేర్ బాక్స్.. ఇవి తర్వాత పెట్టించుకునేవి కావు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నాన్న మధిరలో ఉంటారు. రిటైర్ అయ్యాక కొంటున్న మొదటి కారు. ఆయన పట్టు సీఎన్‌జీ మీద. "పెట్రోల్ ఎవడు పోస్తాడురా" అని. మూడు షోరూంలు తిరిగాం. ఒక చోట (ఏ కంపెనీదో చెప్పను) కొటేషన్‌లో ఎసెన్షియల్ కిట్, లాజిస్టిక్స్ చార్జీలు, వాళ్ల ఇన్సూరెన్స్ అన్నీ కలిపి రాసేశారు. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటాం అంటే "అలా కుదరదు సార్" అన్నారు. కుదురుతుంది. ఎక్కడ తీసుకోవాలనేది కొనేవాళ్ల ఇష్టం. నేను వేరే కంపెనీ కోట్ ఫోన్‌లో తెరిచి చూపించాక మేనేజర్ వచ్చి కిట్ తీసేశారు, ప్రీమియం తగ్గించారు.

సీఎన్‌జీ గొడవ మాత్రం నా లెక్కలతో తేలలేదు. మా నాయనమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయింది, మడిచే వీల్‌చైర్ ఉంది. నెలకి రెండుసార్లు ఖమ్మం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నాన్న నెలంతా తిరిగినా 500 కిలోమీటర్లు దాటదు. మూడో షోరూంకి ఆ వీల్‌చైర్ కూడా ఆటోలో వేసుకుని వెళ్లాం. సీఎన్‌జీ బండి డిక్కీ తెరిస్తే సిలిండర్ పక్కన అది పట్టలేదు. పక్కనే ఉన్న పెట్రోల్ బండిలో పట్టేసింది. నాయనమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి దింపి చూశాం, రెండుసార్లు. నాన్న ఇంకేం మాట్లాడలేదు. పెట్రోల్ ఏఎంటీ, కింది నుంచి రెండో వేరియంట్ బుక్ చేశారు.

బుక్ చేసేటప్పుడు ఒక్కటి మర్చిపోయి తర్వాత ఫోన్ చేసి అడిగాం, మీరు ముందే అడగండి. ఇచ్చే బండి ఏ నెలలో తయారైందో కాగితం మీద రాయించుకోండి. ఏడాది చివర్లో డిస్కౌంట్ అని పాత స్టాక్ ఇస్తే, అమ్మేటప్పుడు తయారీ సంవత్సరాన్ని బట్టే రేటు కడతారు. మాకు ఇచ్చేది గత నెల బండే అని చెప్పారు. డెలివరీ ఇంకో మూడు వారాలు. రంగు తెలుపా, నీలమా అన్నది మా అమ్మకీ నాన్నకీ మధ్య ఇంకా తేలలేదు.