భయం ఒకచోట – ప్రమాదం మరొకచోట

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మా ఊళ్లో పసిపిల్లల్ని దేన్నుంచి కాపాడాలో అందరికీ తెలుసు. సంధ్యవేళ బయటికి తీసుకెళ్లకూడదు. దిష్టి తీయాలి. మిరప కల్లంలో పడుకోబెడితే పాము రాకుండా దీపం పెట్టాలి. దారినపోయేవాడు బిస్కట్టు ఇస్తే తిననివ్వకూడదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని సెల్‌ఫోన్లో ఒక పుకారు వస్తే చాలు, ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని రాత్రి కాపలా కాస్తుంది. ఇంత జాగ్రత్త గల ఊళ్లో, నీళ్ల కుండ పక్కన కూల్‌డ్రింకు సీసాలో పురుగుమందు ఉంటే మాత్రం అది ఎవరి కంటికీ ప్రమాదంగా కనపడదు.

ఎవర్నో తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ సీసాలో మందు పోసినవాణ్ణి నేనే.

అప్పుడు నాది ఇంటర్మీడియెట్. దసరా సెలవులు. పత్తికి మందు కొడుతున్నాం. పొద్దుగూకేసరికి రెండు సాళ్లు మిగిలాయి. పంపు అడుగున కలిపిన మందు కొంత ఉండిపోయింది. పారబోస్తే డబ్బు దండగ గదా అని, గట్టు మీద దొరికిన ఖాళీ కూల్‌డ్రింకు సీసాలోకి వంచి, ఇంటికి తెచ్చి వసారాలో కుండ పక్కన పెట్టాను. నీళ్లల్లో కలపగానే పాలలా తెల్లబడే రకం మందు అది. తెల్లారి మా చిన్నాన్న కొడుకు, మూడేళ్లవాడు, మజ్జిగనుకుని ఒక గుక్క తాగాడు.

నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కనుపాపలు గుండుసూది మొనంత అయిపోయాయి. మా నాయనమ్మ దిష్టి అంది. ఎవరో పాము ముట్టిందేమోనని కాళ్లు వెతికారు. ఇంకెవరో చింతపండు రసం పట్టమన్నారు. ఎవరి భయం వాళ్లకు గుర్తొచ్చింది. మూత తీసి ఉన్న సీసాను చూసింది నేనొక్కణ్ణే.

ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "ఏ మందయ్యా?" అని. సీసా మీద ఉన్నది పానీయం పేరు. అసలు డబ్బా చేలో ఉంది. మందు పేరు నాకు తెలుసు. కానీ అది చెప్పాలంటే పోసింది నేనేనని కూడా చెప్పాలి. అందుకు నేను తీసుకున్న అరనిమిషం నన్నింకా వదల్లేదు. మందు పల్చగా కలిపింది కావడంవల్ల, అట్రోపిన్ ఇంజెక్షన్లు వేళకు పడటంవల్ల వాడు బతికాడు. ఇప్పుడు రెండో తరగతి. "వాడి గ్రహచారం బాగుంది" అన్నారు మావాళ్లు. కుండ పక్కన ఏముండకూడదో మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

ఎందుకిలా జరుగుతోంది? పత్తి పురుగు మందులకు లొంగక, అప్పులపాలై ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్న 1987-88 నాటినుంచి ఈ ప్రాంతంలో 'మందు' అన్న మాటకు ఒక విషాదార్థం ఉంది. ఆ దుఃఖం నిజమైనదే. కానీ దాని వెంట ఒక పొరపాటు అభిప్రాయం కూడా స్థిరపడింది: మందు కావాలని తాగినవాణ్ణే చంపుతుంది, మూలన పడి ఉంటే ఏమీ చెయ్యదు అని. మూడేళ్ల బిడ్డకు ఉద్దేశంతో పనేముంది? దాహం చాలు.

2013 జూలైలో బీహారులోని సారన్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. మోనోక్రోటోఫాస్ ఉంచిన డబ్బాలో వంటనూనె పోయడమే కారణమని తేలింది. 1958లో కేరళలో, పురుగుమందుతో పాటు ఓడలో వచ్చి కలుషితమైన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించారు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టానికి ఆ ఘటనే నాంది. 1971 నియమాల ప్రకారం డబ్బా మీద విష తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తు ఉండాలి. ఖాళీ డబ్బాలను పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలి. నియమం బాగానే ఉంది. కానీ మందును సీసాలోకి వంచిన క్షణంలో ఆ గుర్తు చేలోనే ఉండిపోతుంది. పైగా పిల్లవాడు గుర్తులు చదవడు. సీసా ఆకారం చదువుతాడు!

పరిమాణం సంగతి కూడా చూడండి. 36 శాతం మందు ఒక టీచెంచాడులో దాదాపు రెండు గ్రాముల అసలు విషం ఉంటుంది. అరవై కిలోల తండ్రికీ, పన్నెండు కిలోల బిడ్డకూ అదే చెంచాడు. కిలో బరువుకు లెక్క కడితే బిడ్డకు పడేది అయిదు రెట్లు.

గుడ్డి భయం మనకొక్కరికే లేదు. అమెరికాలో హాలోవీన్ పండగనాడు ఇరుగుపొరుగు ఇచ్చే మిఠాయిలో విషం ఉంటుందని తల్లిదండ్రులు ఏటా భయపడతారు. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ తరచి చూస్తే, అలా ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్న మిఠాయివల్ల చనిపోయిన బిడ్డ ఒక్కరూ కనపడలేదు. నిజమైన విషం ఇంటి అల్మారాలో ఉంది. 1970లో చట్టం చేసి, పిల్లలు తేలిగ్గా తీయలేని మూతలు మాత్రల సీసాలకు పెట్టించాక అక్కడ పసిపిల్లల మరణాలు తగ్గాయి. భయం చేయలేని పని ఒక మూత చేసింది!

"తల్లి చూసుకోవద్దా?" అంటారు కొందరు పెద్దలు. ఒంటిగది ఇంట్లో పిల్లవాణ్ణీ, మందు డబ్బానూ ఎంత దూరంగా పెట్టగలదా తల్లి? కౌలురైతుకు తాళం వేసే కొట్టుగది ఎక్కడిది? పత్తితీతకు పోయే కూలితల్లి చెట్టుకు ఉయ్యాల కడితే, ఆ చెట్టు కిందే పంపులూ, డబ్బాలూ ఉంటాయి. నెపం తల్లి మీద వేయడం సులభం. ఎత్తున ఒక తాళం పెట్టె బిగించడం కొంచెం కష్టం. కానీ బిడ్డను కాపాడేది పెట్టెగానీ నెపం కాదు.

పాము భయం వద్దని నేననను. అది నిజమైన ప్రమాదమే. అయితే పాముకు దీపం పెట్టినట్టే మందుకూ కొన్ని కట్టుబాట్లు కావాలి. మందును దాని డబ్బాలోంచి మరో సీసాలోకి మార్చకూడదు. వంటింటి గ్లాసుతో కొలవకూడదు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు పంపులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి పాతెయ్యాలి. కిరోసిన్, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ తాగిన బిడ్డకు వాంతి చేయించకూడదు. కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ గొంతును రెండోసారి కాలుస్తుంది. పురుగుమందు ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బునీళ్లతో కడగాలి. వెంటనే 108కి ఫోను చేయాలి. మందు డబ్బా వెంట తీసుకుపోవాలి.

2022లో మన జిల్లాల సరిహద్దులు మారాయి. పర్చూరు బాపట్లలోకి, చిలకలూరిపేట పల్నాడులోకి పోయాయి. వసారాలు మాత్రం మారలేదు. మన కళాశాలలో సగంమందిమి రైతుబిడ్డలం. ఈసారి ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో రోడ్లు ఊడ్చేముందు ఒక పూట ఇల్లిల్లూ తిరిగి, కుండల పక్కన ఏ సీసాలున్నాయో చూద్దామని యూనియన్ మిత్రులకు నా మనవి. ముందుగా మా ఇంటికే రండి. మా వసారా చూపిస్తాను.