పిల్లల మందు: తప్పంతా తల్లిదేనా?

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో విషం కలిసిన దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, సీసాలో ఏముందన్న చర్చ దేశమంతా జరిగింది. జరగాల్సిందే. కానీ సీసాలో ఉన్నది మంచి మందే అయినా, అది బిడ్డకు సరిగ్గా అందుతోందా అని అడిగేవారు తక్కువ. దీర్ఘకాలిక జబ్బులకు మందులు చెప్పినట్టు వాడేవారు సంపన్న దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది.

సాధారణంగా నింద తల్లిదండ్రుల మీద పడుతుంది. బెళ్ళందూరు ఇళ్లనే చూడండి. డాక్టరు మాట వినేది అమ్మో నాన్నో. వాళ్లు ఆఫీసుకు వెళ్లాక మందు పోసేది అమ్మమ్మ, నానమ్మ, లేదా క్రెష్‌లో ఆయా. తరాలుగా ఇక్కడున్న మనకు కన్నడం ఇబ్బంది కాదు. చీటీ మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది, అదీ గొలుసుకట్టు రాతలో.

పారాసిటమాల్‌నే తీసుకోండి. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 120 మి.గ్రా., మరోదానిలో 250 మి.గ్రా. ఉంటుంది. చంటిపిల్లల డ్రాప్స్‌లో 1 మి.లీ.కే 100 మి.గ్రా. మొదటి సిరప్ అనుకుని 5 మి.లీ. డ్రాప్స్ పోస్తే మోతాదు నాలుగింతలు దాటుతుంది. 'ఒక చెంచా' అని చెప్పి పంపితే ఈ తేడా ఇంట్లో ఎలా తెలుస్తుంది? అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2015లో చెంచా లెక్క వదిలి మి.లీ.లోనే చెప్పాలని సూచించింది అందుకే.

ఆస్తమా సంగతి మరోరకం. ఆయాసం తగ్గగానే రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ ఆపేస్తారు. 'అలవాటైపోతుంది' అన్న భయం ఒకటి. బాగున్నప్పుడు కూడా ఎందుకు వాడాలో ఎవరూ విడమరచి చెప్పకపోతే ఆ భయం పోదు.

నియమాలు లేకపోలేదు. మందు ఎలా వాడాలో ఫార్మసిస్టు వివరించాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. రోగితో మాట్లాడే తీరు 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠాల్లో భాగమైంది. అంతకుముందు చదివిన డాక్టర్లకు, నర్సులకు, మందుల షాపు సిబ్బందికి కూడా ఆ శిక్షణ కావాలి. నేర్పాల్సింది పెద్ద విద్యేమీ కాదు: మోతాదు మి.లీ.లో రాయడం, సిరంజి మీద గీత చూపించడం, 'ఇంటికెళ్లి ఎలా పోస్తారో ఒకసారి చెప్పండి' అని అడగడం, మందు మానేశామంటే కసురుకోకుండా కారణం వినడం.

మన సంఘాలు, అపార్ట్‌మెంట్ సమితులు ఆరోగ్య శిబిరాలు పెడుతూనే ఉన్నాయి. వాటికి వచ్చే ఆసుపత్రులను ఇకపై ఈ నాలుగూ చేయమని అడగాలి.