యంత్రం చెప్పే లెక్క ఇద్దరికీ కనిపించాలి

ఈ వేసవిలో నాందేడ్ నుంచి దెగ్లూరు వెళ్లే దారిలో, రోడ్డు పక్కన మట్టి తవ్వుతున్న ఒక ప్రొక్లెయిన్ దగ్గర కాసేపు ఆగాను. ఆపరేటర్ మన తెలుగువాడే, నిజామాబాద్ వైపు నుంచి వచ్చాడు. మాట్లాడుతుండగానే అతని ఫోన్ మోగింది. అవతల హైదరాబాద్‌లో ఉన్న యజమాని. "ఇరవై నిమిషాల నుంచి మిషన్ ఆన్‌లో పెట్టి ఊరికే కూర్చున్నావేంటి?" టిప్పర్లు ఇంకా రాలేదని ఇతను సమాధానం చెప్పుకున్నాడు. ఫోన్ పెట్టేసి నవ్వాడు. "మమ్మల్ని పైనుంచి చూసేవాళ్లు ఇద్దరున్నారు పాస్టర్ గారూ. ఒకరు దేవుడు, ఇంకొకటి జీపీఎస్."

కాసేపటికి ఆ నవ్వు పోయింది. "పోయిన నెల చాలా రోజులు పన్నెండు గంటలు నడిపాను. జీతం లెక్కలో తొమ్మిదే రాశారు. మిషన్ లెక్క చూపించండి అంటే, అది కంపెనీది, నీకెందుకు అన్నారు."

ఈ సంపాదకీయం ఆ చివరి మాట గురించే.

ఆ మిషన్‌లో ఉన్నదాన్ని టెలిమాటిక్స్ అంటారు. క్యాబిన్ లోపల ఎక్కడో ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఉపగ్రహాల సంకేతాలను బట్టి తానెక్కడుందో అది లెక్కకట్టుకుంటుంది. ఇంజిన్ ఎప్పుడు స్టార్టయింది, ఎప్పుడు ఆగింది, ఎంతసేపు పనిచేసింది, ఎంతసేపు పని లేకుండా తిరిగింది, ఎంత వేడెక్కింది, ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది అన్నవి నమోదు చేస్తుంది. లోపలున్న సిమ్ ద్వారా ఆ వివరాలన్నీ యజమాని ఫోన్‌కు చేరతాయి. సిగ్నల్ లేని చోట దాచుకుని, దొరికాక పంపే పరికరాలూ ఉన్నాయి. గీసిన హద్దు దాటి మిషన్ కదిలితే యజమానికి హెచ్చరిక వెళ్తుంది. జేసీబీ, కేటర్‌పిల్లర్, కొమాట్సు వంటి పెద్ద కంపెనీలన్నీ ఇలాంటి ఏర్పాటుతో యంత్రాలు అమ్ముతున్నాయి. పాత మిషన్లకు బయట కొని బిగించుకునే చవక పరికరాలూ ఉన్నాయి.

దీని పుట్టుక కూడా తెలుసుకోదగినదే. జపాన్‌లో దొంగలు ఎక్స్‌కవేటర్లను ఎత్తుకుపోయి, వాటితోనే ఏటీఎంలను పెకలించేవారు. పోయిన యంత్రం ఎక్కడుందో కనిపెట్టే ఆలోచన అక్కడ బలపడింది. 2001లో కొమాట్సు జపాన్‌లో తన యంత్రాలకు దీన్ని తప్పనిసరి భాగంగా అమర్చడం మొదలుపెట్టింది. దొంగ మీద నిఘాగా మొదలైనది మరమ్మతులకు, డీజిల్ లెక్కకు పనికొచ్చింది. ఇప్పుడు సీట్లో కూర్చున్న మనిషి మీదికి వచ్చింది.

యజమాని పక్షం కూడా వినాలి. మన సంఘాల్లోనే అప్పు చేసి జేసీబీ కొన్న సహోదరులున్నారు. ముప్పై లక్షలు దాటిన యంత్రం, నెలనెలా కిస్తీ. రాత్రిపూట ట్యాంకులోంచి డీజిల్ తీసి అమ్ముకోవడం కట్టుకథ కాదు. ఇన్ని గంటలకు ఆయిల్ మార్చాలన్న లెక్క తప్పితే ఇంజిన్ పాడై కుటుంబం రోడ్డున పడుతుంది. ఎక్కడో మరాఠ్వాడాలో తిరుగుతున్న తన మిషన్ క్షేమంగా ఉందో లేదో యజమాని తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు.

అయితే యంత్రానికి ఎంతసేపో తెలుసు, ఎందుకో తెలియదు. టిప్పర్ కోసం ఎదురుచూసిన ఇరవై నిమిషాలూ, బద్ధకంగా కూర్చున్న ఇరవై నిమిషాలూ దాని లెక్కలో ఒకటే. టర్బో ఉన్న ఇంజిన్‌ను భారీ పని తర్వాత వెంటనే ఆపకుండా కొద్ది నిమిషాలు తిరగనివ్వాలని తయారీదారులే చెబుతారు. అదీ ఖాళీ సమయంగానే పడుతుంది. మే నెల ఎండలో ఏసీ కోసం ఇంజిన్ ఆపని మనిషిని ఆ అంకె సోమరిగా చూపిస్తుంది. ఎందుకో చెప్పగలిగినవాడు సీట్లో ఉన్నవాడే. అతని మాట వినకుండా అంకె చూసి జీతం కోస్తే అది తీర్పు కాదు, పెత్తనం.

అదే అంకె ఆపరేటర్‌కు కూడా సాక్ష్యం కాగలదు. పది మంది, అంతకు మించి పనిచేసే నిర్మాణ స్థలాల్లో అదనపు గంటలకు రెట్టింపు వేతనం అన్నది 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలోనే ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ ఉంది. ఆ అదనపు గంటలను రుజువు చేయడమెలా? హాజరు పుస్తకం కాంట్రాక్టర్ చేతిలో ఉంటుంది. గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసినట్టు చూపిస్తేనే సంక్షేమ బోర్డులో పేరు నమోదవుతుంది. నిర్మాణ వ్యయం మీద వసూలు చేసే ఒక శాతం సెస్సు ఆ బోర్డుకే చేరుతుంది. పిల్లల చదువుకు, వైద్యానికి, ప్రమాదంలో పోతే కుటుంబానికి సాయం అక్కడి నుంచే అందాలి. రెండు నెలలకో జిల్లా మారే ఆపరేటర్‌కు ఆ 90 రోజుల ధ్రువపత్రం ఎవరిస్తారు? అతను నడిపిన ప్రతి గంటా తేదీతో, స్థలంతో సహా ఒక సర్వర్‌లో భద్రంగా ఉంది. అతనికి మాత్రం అది అందదు. కొన్ని యంత్రాల్లో ఆపరేటర్‌కు సొంత కోడ్ ఇచ్చి, ఎవరు నడిపారో కూడా నమోదు చేసే వీలుంది. వాడాలన్న మనసుంటే పరికరం సిద్ధంగానే ఉంది.

చట్టం కూడా ఇక్కడ కార్మికుడి వైపు పూర్తిగా నిలబడలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాల కోసమైతే ఉద్యోగి అనుమతి లేకుండానే అతని సమాచారం వాడుకోవచ్చంటుంది. తన సమాచారం చూపించమని అడిగే హక్కును మాత్రం ముఖ్యంగా అనుమతి ఇచ్చిన సందర్భాలకే ముడిపెట్టింది. అనుమతి అడగరు గనుక, చూపించమని అడిగే దారీ ఇరుకే.

ప్రభుత్వానికి అవసరమైతే లెక్క ఎలా బయటికి వస్తుందో గోదావరి ఒడ్డున చూస్తున్నాం. ఇసుక వంటి ఖనిజాలు మోసే వాహనాలకు జీపీఎస్ ఉండాలని మహారాష్ట్ర నిబంధన పెట్టింది. రాయల్టీ పోతుందంటే లెక్క అధికారులకు కనిపించాలి. కూలి పోతుందంటే ఆ లెక్క కూలివాడికి ఎందుకు కనిపించకూడదు?

నాందేడ్ చుట్టుపక్కల ఈ ప్రశ్న మరీ దగ్గరిది. వర్ధా నుంచి యవత్మాల్ మీదుగా నాందేడ్‌కు 284 కిలోమీటర్ల రైలుమార్గం, జాల్నా నుంచి నాందేడ్‌కు సుమారు 179 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే వంటి ప్రాజెక్టులున్న ప్రాంతమిది. 1956 వరకు ఈ జిల్లా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. మట్టిపనికీ రాతిపనికీ పేరుపొందిన వడ్డెరలను ఇక్కడ వడార్లంటారు. తరాలు గడిచినా ఇంట్లో తెలుగు మాట్లాడేవారు వారిలో ఉన్నారు. మహారాష్ట్ర వారిని విముక్త జాతుల జాబితాలో చేర్చింది. ఆ మాట వెనుక 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఉంది. దాని కింద నమోదైన జాతులవారు ఎక్కడున్నారో, ఎక్కడికి వెళ్తున్నారో పోలీసులకు చెప్పుకుని బతకాల్సి వచ్చింది. 1952లో ఆ చట్టం రద్దయింది. పొట్టకూటి కోసం తిరిగే మనిషి ఆచూకీని అనుమానంతో చూసే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. పని అయ్యాక, మిషన్ దిగాక కూడా ఫోన్‌లోని యాప్ ద్వారా మనిషిని వెంటాడితే అది ఆ పాత అలవాటే.

గడ్డపారలతో చెరువులు తవ్విన కాలంలో ఒక పద్ధతి ఉండేది. తవ్విన గుంటలో మధ్యమధ్య మట్టి దిమ్మెలను తవ్వకుండా వదిలేసేవారు. దిమ్మె ఎత్తే గుంట లోతు. కొలిచేది గుమాస్తాయే అయినా, దిమ్మె ఇద్దరి కళ్లముందూ నిలబడి ఉండేది. అక్షరం రాని మనిషి కూడా దాన్ని చూపించి వాదించగలిగేవాడు. ఉపగ్రహాల కాలంలో కొలత ఎంతో కచ్చితమైంది. దిమ్మె మాత్రం యజమాని ఫోన్‌లోకి వెళ్లిపోయింది. న్యాయమైన త్రాసు గురించి వాక్యం ఎందుకంత పట్టుబట్టిందో ఇక్కడ అర్థమవుతుంది. దొంగ తూకం ఒక అన్యాయం. తూకం సరిగ్గానే ఉన్నా, ముల్లు ఒకరికే కనిపించేలా పట్టుకోవడం ఇంకో అన్యాయం.

మనం చేయగలిగిందేమిటి? యంత్రాలున్న సహోదరులారా, పరికరం బిగించే ముందే అది ఏమేం నమోదు చేస్తుందో ఆపరేటర్‌కు అతని భాషలో చెప్పండి. నెలాఖరున అతని గంటల పట్టికను అతని ఫోన్‌కు పంపండి. ఖాళీ సమయానికి జీతం కోసే ముందు కారణం అడగండి. పని ముగిశాక మనిషిని వదిలేయండి. ఇందులో ఖర్చయ్యేదేమీ లేదు.

యువతీ యువకులారా, ఫోన్ మీ చేతిలో ఆడుతుంది. మీ సంఘంలో, మీ వీధిలో మిషన్ నడిపేవారుంటే, రోజూ పని మొదలుపెట్టినప్పుడూ ముగించినప్పుడూ మిషన్‌లోని అవర్ మీటర్‌ను ఫొటో తీసి దాచుకోమని చెప్పండి. ఆ ఫొటోకు తేదీ ఉంటుంది. పేదవాడి దిమ్మె అదే. ఆ లెక్కతో వెళ్లి 90 రోజుల ధ్రువపత్రం అడగండి, బోర్డులో పేరు రాయించండి, ఫారం నింపిపెట్టండి.

ఆ రోజు బయల్దేరే ముందు నేనూ ఆ ఆపరేటర్‌కు అదే చెప్పాను. అతను వెంటనే ఫోన్ తీసి మీటర్ ఫొటో తీసుకున్నాడు. ఇంతలో టిప్పర్ వచ్చింది. మళ్లీ ఫోన్ మోగకముందే సీట్లోకి ఎక్కాడు.